మెటల్ హాలైడ్ దీపం: ఉప్పు కరిగితేనే వెలుగు

సంక్రాంతికి ప్రకాశం జిల్లా పల్లెల్లో ఎడ్ల బండలాగుడు పోటీలు పొద్దుగూకాక కూడా సాగుతుంటాయి. బరికి అటూ ఇటూ గుంజలు పాతి, ఒక్కో గుంజకు రెండేసి ఫోకస్ లైట్లు కడతారు. సరిగ్గా ఒంగోలు గిత్తలు బండను కదిలించే వేళకు కరెంటు రెప్పపాటు ఊగుతుంది. ఇళ్లలో బల్బులు ఒక్కసారి మిణుక్కుమని మళ్లీ మామూలుగా వెలుగుతాయి. ఫ్యాన్లయితే ఆ సంగతే ఎరగవు. బరి మీద లైట్లు మాత్రం ఆరిపోయి, ఇక వెలగవు. జనం ఈలలు, కేకలు. ఎలక్ట్రీషియన్ ఎక్కడున్నా రావాలని మైకులో పిలుపు. అతను వచ్చి స్విచ్చి వేసి తీసి, తీసి వేసి, వైర్లు కదిలించి చూస్తాడు. పది పన్నెండు నిమిషాలకు లైట్లు ఒక్కొక్కటిగా నీలంగా మొదలై మెల్లగా తెల్లబడతాయి. ఎవరో ఏదో బాగుచేశారని అందరూ అనుకుంటారు. నిజానికి ఎవరూ చేసిందేమీ లేదు. దీపం చల్లారింది, అంతే.

ఇది పల్లెటూరి కరెంటు పాపమే అనుకోనక్కర్లేదు. 2013 ఫిబ్రవరి 3న అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో అమెరికన్ ఫుట్‌బాల్ టైటిల్ పోరు సూపర్ బౌల్ జరుగుతుండగా స్టేడియంలో సగానికి కరెంటు పోయి ఆట 34 నిమిషాలు ఆగింది. కరెంటు తిరిగొచ్చాక కూడా ఆటగాళ్లు మైదానంలో ఎదురుచూడాల్సి వచ్చింది. ఎందుకంటే అక్కడా పైన ఉన్నవి మెటల్ హాలైడ్ దీపాలే.

మన దగ్గర దీన్ని చాలామంది ‘హాలజన్’ అంటారు. పెద్ద ఫోకస్ లైటు ఏదైనా హాలజనే అని వాడుకలో స్థిరపడిపోయింది. రెండూ వేర్వేరు. అసలు హాలజన్ ల్యాంపులో టంగ్‌స్టన్ తీగ ఉంటుంది. స్విచ్చి వేయగానే వెలుగుతుంది, చోక్ అక్కర్లేదు, కరెంటు మాత్రం మంచినీళ్లలా తాగుతుంది. 1,000 వాట్ల హాలజన్ రమారమి 20,000 ల్యూమెన్ల వెలుగిస్తే, 400 వాట్ల మెటల్ హాలైడ్ 32,000 పైనే ఇస్తుంది. దీనిలో తీగ లేదు. రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఆవిరిలో ఆర్క్ మండుతుంది, అంతే. వెల్డింగ్ రాడ్డు దగ్గర కనిపించే మంటను గాజుబుడ్డిలో బంధించారనుకోవచ్చు.

బుడ్డి లోపల ఏముంది

ల్యాంపును చేతిలోకి తీసుకుని చూస్తే గాజులో గాజు కనిపిస్తుంది. బయటి బుడ్డి వేడిని తట్టుకునే బోరోసిలికేట్ గాజు. లోపల లోహపు చట్రానికి బిగించి, సుమారు బొటనవేలంత ఉండేది ఆర్క్ ట్యూబు. పాత రకాల్లో అది క్వార్ట్జ్ గాజు. కొత్త రకాల్లో పాలరంగు సిరామిక్, అంటే కాల్చి గట్టిపరిచిన అల్యూమినా. ట్యూబు రెండు చివర్లా టంగ్‌స్టన్ ఎలక్ట్రోడ్లు. వాటికి కరెంటు అందించేది క్వార్ట్జ్‌లో నొక్కి అతికించిన మాలిబ్డినం రేకు. మందమైన తీగ పెడితే వేడికి వ్యాకోచించి గాజును చీలుస్తుంది, అందుకే వెంట్రుకకన్నా పల్చని రేకు వాడతారు. క్వార్ట్జ్ ట్యూబు చివరల్లో తెల్లటి పూత కూడా కనబడుతుంది. కొత్తవాళ్లు దాన్ని కాలిపోయిన గుర్తు అనుకుంటారు. అది కావాలని పూసిన జిర్కోనియా. చివర్లు చల్లబడకుండా వేడిని లోపలికే తిప్పికొట్టడం దాని పని. చివర్లు ఎందుకు చల్లబడకూడదో తెలిస్తే ఈ దీపం గుట్టంతా తెలిసినట్టే.

ట్యూబులో ఉండేవి మూడు: కొద్దిగా ఆర్గాన్, చిన్న పాదరసం బొట్టు, కాసింత ఉప్పు. ఉప్పంటే కూరలో వేసుకునే సోడియం క్లోరైడ్ కాదు, దాని దాయాదులు: సోడియం అయోడైడ్, స్కాండియం అయోడైడ్, థాలియం అయోడైడ్, ఇండియం అయోడైడ్. నెల్లూరు జిల్లా ఇస్కపల్లి కొఠార్లలో పండే ఉప్పు రవ్వ ఒకటి పొయ్యి మంటలో పడితే మంట పసుప్పచ్చగా లేస్తుంది కదా, ఆ రంగు సోడియంది. ఒక్కో లోహానికి ఒక్కో రంగు. సోడియం 589 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర పసుపు, థాలియం 535 దగ్గర ఆకుపచ్చ, ఇండియం 451 దగ్గర నీలం ఇస్తాయి. ఈ మూడూ పాళ్లు కుదిరితే కంటికి తెలుపు. సోడియం, స్కాండియం జంట మరో వంటకం. డిస్ప్రోసియం లాంటి అరుదైన లోహాలు వేస్తే పగటి వెలుతురుకు బాగా దగ్గరగా వస్తుంది. సినిమా షూటింగుల్లో వాడే హెచ్ఎంఐ లైట్లలో ఉండేది ఆ రకమే.

లోహాన్ని నేరుగా వేయకుండా ఉప్పు రూపంలో ఎందుకు వేస్తారన్న ప్రశ్న రావాలి. సోడియం లోహం వేడి క్వార్ట్జ్‌ను తినేస్తుంది. స్కాండియం లాంటివి ట్యూబు గోడకుండే వేడికి ఆవిరే కావు. అయోడైడ్ అయితే సులువుగా ఆవిరవుతుంది. ఆ ఆవిరి 5,000 డిగ్రీలు దాటిన ఆర్క్ నడిబొడ్డుకు చేరగానే లోహం, అయోడిన్ విడిపోతాయి. లోహపు పరమాణువు అక్కడ వెలుగు చిమ్ముతుంది. గోడవైపు జరిగి కాస్త చల్లబడగానే మళ్లీ అయోడిన్‌తో జతకడుతుంది. కాబట్టి గోడకు తగిలేది చాలావరకు ఉప్పే తప్ప లోహం కాదు. ల్యాంపు వెలిగినంతసేపూ ఈ విడిపోవడం, కలవడం జరుగుతూనే ఉంటాయి. పాదరస దీపంలో ఇలా హాలైడ్ వేయవచ్చని 1912లోనే చార్లెస్ స్టైన్‌మెట్జ్ పేటెంటు పొందాడు. నమ్మకంగా వెలిగే ల్యాంపు చేయడానికి మాత్రం 1960లలో జనరల్ ఎలక్ట్రిక్‌లో గిల్బర్ట్ రైలింగ్ దాకా ఆగాల్సి వచ్చింది. 1964 న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో జనం దాన్ని చూశారు.

వేసిన ఉప్పంతా ఆవిరి కాదు. మిగులు ఉప్పు ట్యూబులో అన్నిటికన్నా చల్లగా ఉన్న మూలన కరిగి మడుగు కట్టి ఉంటుంది. ఆ మూల 700–800 డిగ్రీల్లో ఎంత వేడిగా ఉందనే దాన్నిబట్టే పైకి లేచే ఆవిరి ఎంత, రంగు ఏది అనేవి తేలతాయి. ఈ దీపం చేష్టలన్నీ అక్కడినుంచే వస్తాయి. స్విచ్చి వేయగానే వెలిగేది ఆర్గాన్, పాదరసం మాత్రమే, అందుకే మొదట నీలి వెలుగు. మడుగు కాగి ఉప్పు లేచేసరికి మూడు నుంచి ఐదు నిమిషాలు. వోల్టేజి తక్కువై ల్యాంపుకు పవరు చాలకపోతే ఉప్పు సగమే లేస్తుంది. నీలం, ఆకుపచ్చ కలిసిన రోగిష్టి వెలుగు వస్తుంది. పవరు ఎక్కువైతే సోడియం ఎక్కువ లేచి పసుపు, గులాబీ వైపు జరుగుతుంది. ల్యాంపును నిలువుగా పెడితే ఉప్పు ఒక చోట, అడ్డంగా పెడితే మరో చోట చేరుతుంది కాబట్టి నిలువుగా వాడాల్సిందా, అడ్డంగానా అని ల్యాంపు మీదో డబ్బా మీదో వేస్తారు. దాన్ని పట్టించుకోకుండా అడ్డంగా బిగించిన నిలువు ల్యాంపులో ఆర్క్ పైకి విల్లులా వంగి ట్యూబు పైగోడను కాలుస్తుంది. ఒకే రోజు ఒకే పెట్టెలోంచి తీసి కట్టిన పది ల్యాంపులు పది ఛాయల్లో కనిపిస్తే అందులో మోసమేమీ లేదు. మొదటి వంద గంటలు అవి అలాగే ఉంటాయి, తర్వాత కొంత సర్దుకుంటాయి.

ఇక బరి మీద చీకటి సంగతి. కరెంటు సెకనుకు వందసార్లు సున్నా దాటుతుంది. దాటిన ప్రతిసారీ ఆర్క్ ఆరినంత పనై మళ్లీ అంటుకోవాలి. వోల్టేజి ఒక్క అర సైకిలు బాగా పడినా అంటుకోదు. అప్పుడు ట్యూబులో ఆవిరి పీడనం బయటి గాలికి ఎన్నో రెట్లు ఉంటుంది. చల్లటి ట్యూబును వెలిగించడానికి ఇగ్నైటర్ ఇచ్చే మూడు నుంచి ఐదు వేల వోల్టుల దెబ్బ ఆ పీడనంలో చాలదు. పాదరసపు ఆవిరి మళ్లీ ద్రవంగా మారి పీడనం తగ్గేదాకా, అంటే పది పదిహేను నిమిషాలు, ఏమి చేసినా దండగ. ఇరవై ముప్పై వేల వోల్టులు, అంతకు మించి కొట్టే హాట్ రీస్ట్రైక్ ఇగ్నైటర్లు ఉన్నాయి గానీ అవి రెండు చివర్లా కనెక్షన్ ఉండే ప్రత్యేక ల్యాంపులకే. ఆరిన లైటు స్విచ్చి ఆన్‌లోనే వదిలేస్తే సాదా ఇగ్నైటర్ అంతసేపూ టిక టికమని కొడుతూ తనూ అరుగుతుంది, హోల్డర్నూ కాలుస్తుంది. ఆపి, గడియారం చూసుకుని, పన్నెండు నిమిషాల తర్వాత వేయడమే మంచిది. జాతర్లకు, పోటీలకు లైట్లు కట్టేవాళ్లు ప్రతి రెండు గుంజలకొక ఎల్ఈడీ ఫ్లడ్ లైటో, అసలు హాలజనో కలిపి కడితే ఆ పది నిమిషాలూ తొక్కిసలాట భయం ఉండదు.

చోక్, ఇగ్నైటర్, కండెన్సర్

ఆర్క్‌కు హద్దు తెలియదు. కరెంటు పెరిగేకొద్దీ దాని నిరోధం తగ్గుతుంది, తగ్గేకొద్దీ ఇంకా లాగుతుంది. 230 వోల్టులకు నేరుగా కలిపితే క్షణాల్లో పగులుతుంది. దాన్ని అదుపులో పెట్టేది చోక్. 400 వాట్ల ల్యాంపుల్లో కొన్ని మూడున్నర ఆంపియర్ల దగ్గర నడిచేలా, కొన్ని నాలుగు దాటి నడిచేలా తయారవుతాయి. అదే 400 వాట్ల సోడియం దీపం (పసుప్పచ్చగా వెలిగే వీధి దీపం) చోక్ నాలుగున్నర ఆంపియర్ల దగ్గర వదులుతుంది. మూడున్నర ల్యాంపును ఆ సోడియం చోక్‌కు తగిలిస్తే మొదట దివ్యంగా వెలిగి, కొన్ని నెలల్లో నల్లబడి, ఉబ్బి, పగులుతుంది. ‘రెండూ 400 వాట్లే కదా’ అన్న మాట ఎన్ని ల్యాంపులను చంపిందో లెక్క లేదు. చోక్ మీద, ల్యాంపు మీద వాట్లు కాదు, ఆంపియర్లు సరిచూడాలి.

చోక్‌కు సాధారణంగా 220, 240 అని రెండు ట్యాపులు, అంటే సరఫరా వోల్టేజికి తగ్గట్టు వైరు కలిపే చోట్లు, ఉంటాయి. ఊళ్లో సాయంత్రం మోటార్లు, ఏసీలు నడిచేవేళ 195 ఉన్న వోల్టేజి అర్ధరాత్రి దాటాక 250కి చేరడం కొత్తేమీ కాదు. సాయంత్రం మసగ్గా ఉందని వైరు 220 ట్యాపుకు మారిస్తే, తెల్లవారుజామున ల్యాంపు హద్దు మీరి కాలుతుంది. సరఫరా 5 శాతం పెరిగితే ల్యాంపు పవరు పది శాతం దాకా పెరుగుతుందని గుర్తుంటే ట్యాపు ఎప్పుడు మార్చాలో తెలుస్తుంది. వోల్టేజి కొలవాల్సింది సాయంత్రం ఏడింటికి కాదు, రాత్రి రెండింటికి.

లైన్లోంచి లాగే కరెంటును తగ్గించేది కండెన్సర్. అది లేకపోయినా లైటు వెలుగుతుంది. అందుకే అది పాడైనా ఎవరూ మార్చరు. లెక్క వేస్తే తేడా తెలుస్తుంది. 400 వాట్ల ల్యాంపు, చోక్ నష్టం కలిపి సుమారు 425 వాట్లు. లాగే కరెంటు 3.4 ఆంపియర్లు, అంటే 230 వోల్టుల మీద 782 వోల్ట్ ఆంపియర్లు. పవర్ ఫ్యాక్టర్, అంటే లాగినదానిలో నిజంగా పనికొచ్చే వంతు, 0.54. దీనికి 35 మైక్రోఫారడ్ల కండెన్సర్ కలిపితే లైన్ కరెంటు 1.9కి దిగుతుంది. ఎనిమిది లైట్లకు కండెన్సర్లు లేకుండా 27 ఆంపియర్లు, ఉంటే 15. ఒకే వైరు, ఒకే ఎంసీబీ. కండెన్సర్లు లేకపోతే వేడెక్కి ట్రిప్పవుతుంది, ఉంటే రాత్రంతా నడుస్తుంది. ఫిట్టింగు వైరుకు టాంగ్ టెస్టర్ (వైరు చుట్టూ బిగించి కరెంటు కొలిచే మీటరు) తగిలించి చూస్తే అర నిమిషంలో తేలిపోతుంది: రెండు లోపు చూపిస్తే కండెన్సర్ బతికుంది, మూడున్నర చూపిస్తే పోయింది.

జనరేటర్ మీద నడిపేటప్పుడు ఇదే కండెన్సర్ అడ్డం తిరుగుతుంది. చాలామందికి అంతుబట్టని చోటు ఇది. 10 కేవీఏ జనరేటర్ మీద ఎనిమిది లైట్లు హాయిగా వెలుగుతున్నాయి. ఇంజను ఒక్కసారి దగ్గి లైట్లన్నీ ఆరాయి. ల్యాంపులు వేడిగా ఉన్నాయి, అంటుకోవు. కానీ ఎనిమిది కండెన్సర్లూ లైన్లోనే ఉన్నాయి. ఒక్కొక్కటి రెండున్నర ఆంపియర్లు, మొత్తం ఇరవై, అదీ లీడింగు కరెంటు, అంటే వోల్టేజికన్నా ముందు నడిచేది. జనరేటర్‌లో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ ఫీల్డును, అంటే అయస్కాంత క్షేత్రాన్ని, అది తానే బలపరుస్తుంది. వోల్టేజిని అదుపు చేసే ఏవీఆర్ ఎంత తగ్గించినా వోల్టేజి అదుపు తప్పి పైకి పోతుంది. అదే లైను మీద ఉన్న మైకుసెట్టు ఆంప్లిఫైయరు, ఎల్ఈడీ బల్బులు అప్పుడే పోతాయి. ‘జనరేటర్ హై వోల్టేజి కొట్టింది’ అని ఇంజను వాడిని తిడతారు. లైట్లను నాలుగు స్విచ్చులుగా విడగొట్టి, ఆరగానే అన్నీ ఆపేసి, చల్లారాక రెండేసి చొప్పున వేసుకుంటే ఈ గొడవ లేదు.

ఇగ్నైటర్ ఎక్కడ పెట్టారనేదీ ముఖ్యమే. మూడు టెర్మినళ్ల రకంలో ‘బీ’ చోక్‌కు, ‘ఎన్’ న్యూట్రల్‌కు, ‘ఎల్పీ’ ల్యాంపుకు. ఎల్పీ నుంచి వచ్చే వైరు హోల్డర్ నడుమ ఉండే కాంటాక్టుకే పోవాలి, చుట్టూ ఉండే మరకు కాదు. ఆ వైరు పొడవు పెరిగేకొద్దీ వైరే కండెన్సరులా మారి ఆ వేల వోల్టుల దెబ్బను మింగేస్తుంది. చోక్, ఇగ్నైటర్ కింద బాక్సులో పెట్టి పది మీటర్ల గుంజ మీద ల్యాంపు పెడితే కొన్ని వెలుగుతాయి, కొన్ని వెలగవు. వర్షం పడిన రోజు ఏదీ వెలగదు. ఆ దూరం రెండు మూడు మీటర్లలో ఉంచడం, లేకపోతే దూరానికని తయారైన ఇగ్నైటర్ కొనడం తప్ప మార్గం లేదు. ఫిట్టింగు లోపలి వైరు సిలికాన్ తొడుగుది కావాలి. మామూలు పీవీసీ వైరు ఆ వేడికి పెంకులా పెళుసై, ఒక రాత్రి ఇగ్నైటర్ పల్స్ (ఆ వేల వోల్టుల దెబ్బ) ఫిట్టింగు బాడీకి దూకుతుంది.

లైటు వెలగనప్పుడు వెతికే వరుస పెద్దదేమీ కాదు. చల్లగా ఉందని నిర్ధారించుకుని స్విచ్చి వేసి వినాలి. ఇగ్నైటర్ గరగర వినిపించి ల్యాంపు వెలగకపోతే తప్పు ల్యాంపుదో హోల్డరుదో. హోల్డర్ నడిమి కాంటాక్టు స్ప్రింగు మెత్తబడి నల్లటి బొగ్గు కట్టిందేమో చూడాలి. పెద్ద మర ఉండే ఈ40 హోల్డర్లలో ఇది రోజూ ఎదురయ్యే జబ్బే. చప్పుడే లేకపోతే సరఫరా, చోక్, ఇగ్నైటర్ వరుసగా చూడాలి. హోల్డర్ దగ్గర వోల్టేజి కొలవాలనుకుంటే ముందు ఇగ్నైటర్‌ను విడదీయాలి. లేకపోతే ఐదు వేల వోల్టులు మల్టీమీటర్‌లోకి పోతాయి, మీటరు అక్కడికక్కడే పోతుంది. చోక్ వార్నిషు కాలిన వాసన వస్తూ, ల్యాంపు మామూలుకన్నా ఎక్కువ వెలుగుతుంటే చుట్లు షార్టయ్యాయని అర్థం. ఆ చోక్‌కు కొత్త ల్యాంపు పెట్టడమంటే దాన్ని చేజేతులా కాల్చుకోవడమే.

బయటి ఉప్పు, రాతి ధూళి

లోపలి ఉప్పుతో వెలిగే దీపానికి బయటి ఉప్పే శత్రువు. కృష్ణపట్నం లాంటి పోర్టు యార్డులో, మైపాడు తీరంలో, కొత్తపట్నం రొయ్యల చెరువుల గట్ల మీద ఫిట్టింగులు పైనుంచి వాన పడి పాడవడం తక్కువ, లోపలికి గాలి పీల్చి పాడవడం ఎక్కువ. రాత్రంతా కాగిన ఫిట్టింగులో గాలి వ్యాకోచించి బయటికి పోతుంది. తెల్లవారి ఆపగానే లోపల చల్లబడి, కేబుల్ గ్లాండు (వైరు లోనికెళ్లే బిగింపు)లోంచో ఎండిపోయిన రబ్బరు గాస్కెట్‌లోంచో తేమ గాలిని లోనికి లాక్కుంటుంది. తీరంలో ఆ గాలిలో ఉప్పు ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అద్దంలా ఉండాల్సిన అల్యూమినియం రిఫ్లెక్టరు మీద తెల్లటి మచ్చలు, హోల్డర్ మీద పచ్చటి చిలుము. దుమ్ము, నీరు చొరబడవని చెప్పే ఐపీ65 అంకె రాసున్నా గాస్కెట్ గట్టిపడితే ఆ అంకెకు విలువ లేదు. ల్యాంపు మార్చిన ప్రతిసారీ గాస్కెట్ నొక్కి చూడాలి. గోరు దిగకపోతే మార్చాలి. స్టీలు బోల్టులు అల్యూమినియం బాడీలో కలిసిపోయి ఊడిరాకపోవడం కూడా ఈ ఉప్పు పనే. బిగించేటప్పుడే మరలకు గ్రీజు రాస్తే ముప్పై మీటర్ల హైమాస్ట్ చక్రాన్ని కిందికి దించి, ఊడని బోల్టుతో కుస్తీ పట్టే పని తప్పుతుంది.

చేతి చెమటలోనూ ఉప్పే ఉంది. బయటి బుడ్డి లేకుండా ఒట్టి క్వార్ట్జ్ ట్యూబుతో వచ్చే ల్యాంపులను వేళ్లతో పట్టుకుంటే ఆ ముద్ర కాగినకొద్దీ క్వార్ట్జ్‌ను స్ఫటికంగా మార్చి తెల్లటి మచ్చ చేస్తుంది. ఆ మచ్చ దగ్గరే ట్యూబు పగులుతుంది. గ్లౌజులు లేకపోతే స్పిరిటు అద్దిన శుభ్రమైన గుడ్డతో తుడిచి వెలిగించాలి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో శత్రువు ఉప్పు కాదు, పిండిలాంటి రాతి ధూళి. ముందు అద్దం మీద అది పేరుకుంటే ల్యాంపు ఎంత కొత్తదైనా వెలుగు రాయి మీదికి చేరదు. అయినా అక్కడ ఈ దీపానికి చాలాకాలం ఆదరణ ఉండటానికి కారణం రంగు. గెలాక్సీ గ్రానైట్ విలువంతా నల్లటి నేలలో మెరిసే బంగారు చుక్కల్లో ఉంది. సోడియం లైటు కింద తెల్ల చుక్కా బంగారు చుక్కా ఒకే పసుపు. రంగులు ఎంత సరిగ్గా చూపిస్తుందో చెప్పే సీఆర్‌ఐ కొలతలో సోడియానికి 20–25 వస్తే, క్వార్ట్జ్ మెటల్ హాలైడ్‌కు 65–70, సిరామిక్ రకానికి 80 పైన. ఒంగోలు, టంగుటూరు, కొండపి వైపు పొగాకు ఆకు గ్రేడు నిర్ణయించేదీ రంగే కాబట్టి సోడియం దీపం కింద ఆ పని జరగదు. పాలిషింగ్ యూనిట్ల విషయంలో మాత్రం ఒక హెచ్చరిక. చోక్ మీద నడిచే దీపం వెలుగు సెకనుకు వందసార్లు తగ్గి హెచ్చుతుంది. తిరిగే రంపపు చక్రం వేగం దానికి కుదిరితే చక్రం ఆగినట్టో, వెనక్కి తిరుగుతున్నట్టో కంటికి తోస్తుంది. పక్కపక్క లైట్లను మూడు వేర్వేరు ఫేజుల మీద వేస్తే ఒకటి తగ్గినప్పుడు ఇంకోటి హెచ్చి ఆ భ్రమ పోతుంది. ఆ మూడు ఫేజుల తాత్కాలిక లైనులో న్యూట్రల్ ఊడకుండా చూసుకోవాలి. ఊడితే ఏదో ఒక ఫేజు మీది లైట్లకు 300 దాటి వోల్టేజి తగులుతుంది.

సముద్రం మీద ఈ దీపానిది వేరే కథ. జపాన్ పడవలు స్క్విడ్ వేటకు ఒక్కోటి 2, 3 కిలోవాట్ల మెటల్ హాలైడ్ దీపాలను వరసగా వేలాడదీసి నీటిని పగలు చేస్తాయి. మన జలాల్లో చేపలను వెలుగుతో ఆకర్షించి పట్టడాన్ని, దీపం ఏ రకమైనా సరే, కేంద్ర ప్రభుత్వం 2017 నవంబరు 10న నిషేధించింది. ఆఫ్‌సెట్ ప్రెస్సుల్లో ప్లేట్లు ఎక్స్‌పోజ్ చేసే దీపం కూడా ఈ జాతిదే. దానిలో గాలియం ఉప్పు వేసి వెలుగును కావాలనే ఊదా, అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) వైపు జరుపుతారు.

ముసలి ల్యాంపు

వయసు పైబడితే ఈ దీపం సోడియం దీపంలా వెలుగుతూ ఆరుతూ సూచన ఇవ్వడం అరుదు. టంగ్‌స్టన్ ఎగిరి గోడకు అంటి ట్యూబు నల్లబడుతుంది. సోడియం అయాన్లు వేడి క్వార్ట్జ్ గోడలోంచి కొద్దికొద్దిగా బయటికి జారిపోతాయి. పసుపు తగ్గి వెలుగు నీలానికి తిరుగుతుంది. రకాన్నిబట్టి ఆరు వేల నుంచి పదిహేను వేల గంటల ఆయుష్షులో వెలుగు మూడో వంతు దాకా పోతుంది, కరెంటు బిల్లు మాత్రం పోదు. చివరికి పల్చబడిన ట్యూబు పీడనానికి పగిలితే, ఎర్రగా కాగిన ముక్కలు బయటి బుడ్డినీ పగలగొట్టి కింద పడతాయి. అందుకే ముందు గట్టి అద్దం లేని ఫిట్టింగులో మామూలు మెటల్ హాలైడ్ పెట్టకూడదు. పగలూ రాత్రీ వెలిగే గోడౌన్లలో వారానికొకసారి పదిహేను నిమిషాలు ఆపితే ముసలి ల్యాంపులు మళ్లీ వెలగకుండా తమంతట తామే తప్పుకుంటాయి. మండుతూ పగలడం కన్నా అది నయం.

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. రాయి తగిలో, బంతి తగిలో బయటి బుడ్డి పగిలినా లోపలి ట్యూబు వెలుగుతూనే ఉండొచ్చు. అతినీలలోహిత కిరణాలను ఆపేది ఆ బయటి గాజే. అది లేని దీపం కింద కొద్దిసేపు వాలీబాల్ ఆడినా అప్పుడేమీ తెలియదు. ఆరేడు గంటలకు కళ్లలో ఇసుక పోసినట్టు మంట, నీళ్లు, చర్మం కమిలిపోవడం మొదలవుతాయి. వెల్డింగ్ చేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన బాధ. బుడ్డి పగిలిన లైటును ‘ఇంకా వెలుగుతోంది కదా’ అని ఒక్క రాత్రి కూడా ఉంచకూడదు.

కొత్తగా కొనేవాళ్లు మెటల్ హాలైడ్ వైపు చూడాల్సిన పని ఇప్పుడు లేదు. కేంద్రం 2015 జనవరిలో మొదలుపెట్టిన వీధి దీపాల పథకంతో రోడ్ల మీద ఎల్ఈడీ వచ్చేసింది. 400 వాట్ల ఫిట్టింగు చోట 200 వాట్ల ఎల్ఈడీ సరిపోతుంది, కరెంటు పోయి వస్తే వెంటనే వెలుగుతుంది. అయితే ఉన్నవి పీకి పారేయాలా అన్నది గంటల లెక్క. సందె నుంచి తెల్లవారేదాకా ఏడాదికి నాలుగు వేల గంటలు వెలిగే యార్డులో ఒక్కో లైటుకు 900 యూనిట్లు మిగులుతాయి, వెంటనే మార్చాల్సిందే. నెల్లూరు రొట్టెల పండుగకో, ఊరి తిరునాళ్లకో ఏడాదికి వంద గంటలు వెలిగే లైటుకు మిగిలేది 22 యూనిట్లు. చోక్ మంచిదైతే ల్యాంపు మార్చి వాడుకోవడమే లాభం. పైగా న్యూట్రల్ ఊడినా, పిడుగు దగ్గర్లో పడినా చౌకరకం ఎల్ఈడీ డ్రైవరు ముందు పోతుంది. చోక్ ఇనుమూ రాగీ కాబట్టి తట్టుకునే అవకాశం ఎక్కువ.

తీసేసిన ల్యాంపును గోడకు కొట్టి పగలగొట్టడం చాలాచోట్ల అలవాటు. ఒక్కోదానిలో పదుల మిల్లీగ్రాముల పాదరసం ఉంటుంది. 2022 ఈ-వ్యర్థాల నియమాల కింద పాదరసం ఉన్న దీపాలన్నీ విడిగా ఇవ్వాల్సినవే. పొరపాటున గదిలో పగిలితే తలుపులు తెరిచి పావుగంట బయటికి వెళ్లి, తర్వాత చీపురు వాడకుండా గట్టి అట్టముక్కతో ముక్కలు ఎత్తి, మిగిలిన పొడిని తడిగుడ్డతో అద్ది, అన్నీ మూత గట్టిగా ఉన్న డబ్బాలో వేయాలి. పగలని పాత ల్యాంపులను అవి వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టి ఉంచితే తీసుకెళ్లేవాళ్లకు సులువు. కొత్తది బిగించేటప్పుడు దాని ఇత్తడి క్యాపు మీద మార్కరుతో తేదీ రాసుకుంటే, నీలానికి తిరిగిన ల్యాంపు నిజంగా ముసలిదా, లేక వోల్టేజి తక్కువై అలా ఉందా అన్నది ఈసారి గుంజ ఎక్కినప్పుడు వెంటనే తెలుస్తుంది.